నలభై ఒక్క మంది తల్లుల సాక్ష్యం

నేను తన మీద అనుమానంతోనే వచ్చానని తెలిసి కూడా దుర్గాభవాని ఫ్యాను నా వైపు తిప్పింది. రాజాం ఎండలో నడిచి, మూడంతస్తులు మెట్లెక్కి వచ్చినవాడికి అది చిన్న ఉపకారం కాదు. కూర్చుని గడియారం చూసుకున్నాను. పదకొండు ఇరవై.

"మీ ఉగ్గు తిన్న పాప ఇంకా కళ్లు తెరవలేదండీ," అన్నాను.

"మా ఉగ్గు వల్లేనని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. పోలీసులు నాయనమ్మ అంటున్నారు."

"మరి వాళ్లనే అడగండి."

"అడిగాను. నాకు నమ్మకం కుదరలేదు."

పాప పేరు చిన్నతల్లి. ఊరు పొందూరు. వయసు ఎనిమిది నెలలు. నిన్న మధ్యాహ్నం ఒంటిగంటకు నాయనమ్మ దాలమ్మ ఉగ్గు పెట్టింది. ఒకటిన్నరకు పాప నిద్రపోయింది. నాలుగింటికి తల్లి ధనలక్ష్మి లేపితే లేవలేదు. అప్పటినుంచి శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రిలో ఉంది. ఈ ఉదయం ఏడింటికి డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది: "ఏదో మగత మందు పడింది. అదేదో తెలియకుండా విరుగుడు ఇస్తే ఉన్న ఊపిరి కూడా పోవచ్చు. తెలిస్తే ఈ సాయంత్రమే ఇస్తాను."

ఇరవై ఆరేళ్లు ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి క్లెయిములు విచారించినవాణ్ణి నేను. పేరు నరసింగరావు. రిటైరయ్యాక అదే పని సొంతంగా చేస్తున్నాను. ధనలక్ష్మి తన ఫోను నా చేతిలో పెట్టి, "ఇందల అంతా ఉన్నాది మాస్టారూ, సూడండి," అంది. బస్సులో చూసుకుంటూ వచ్చాను.

ఆ ఫోనులో 'అమ్మమాట' అనే గ్రూపు ఉంది. ఆరువేలమంది తల్లులు. నడిపేది దుర్గాభవాని. అమ్మేది ఒకటే సరుకు, బంగారు ఉగ్గు. ఆమె వెనక గోడ నిండా పసిపిల్లల ఫోటోలు, ప్రతి ఫోటో కింద ఆ తల్లి రాసిన నాలుగు మాటలు.

"ఎలా అమ్ముతారో చెప్తారా?"

"చెప్పడానికేముంది సార్. తల్లి ప్రకటన చూసి కొనదు. ఇంకో తల్లి కొన్నదని చూసి కొంటుంది. అందుకని ముందు కొంతమందికి డబ్బా ఊరికే ఇస్తాం. స్టార్ అమ్మలంటాం వాళ్లని. నచ్చితే వాళ్లే రాస్తారు."

"నచ్చకపోతే?"

"రాయరు. బలవంతం లేదు."

"ఎంతమందికి ఇచ్చారు?"

"నలభై ఒకరికి."

"ఎంతమంది రాశారు?"

"నలభై ఒకరూ." ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖంలో గర్వం కనిపించింది.

"మా ఆవిడ బతికున్నప్పుడు మా ఇంట్లో ఉన్న ఇద్దరికీ ఒకే కూర నచ్చేది కాదండీ. మీకు నలభై ఒకరికి నలభై ఒకరు."

"దొంగ రివ్యూలంటారు, అంతేగా? ఎస్సై పృథ్వీరాజ్ గారూ అదే అడిగారు. అందరి నంబర్లూ ఇచ్చాను. అందరికీ ఫోన్లు చేసుకున్నారు. అందరూ ఉన్నారు, అందరికీ పిల్లలున్నారు. కిందటి నెల ఫుడ్ ఇన్‌స్పెక్టరు గారు షాపులో మూడు డబ్బాలు పట్టుకెళ్లి పరీక్ష చేయించారు. కాగితం చూపించమంటారా?"

"వద్దు. రివ్యూలు దొంగవి కావు."

ఆమె ఆ జవాబు అనుకోలేదు. నేను నోటుపుస్తకం తీశాను.

"ధనలక్ష్మి గ్రూపులో రాసిన టైములు వినండి. రాత్రి ఒకటీ నలభై: 'ఏడుపు ఆపట్లేదు, ఎవరైనా మేలుకొని ఉన్నారా?' రెండూ పది. మూడూ ఐదు. మర్నాడూ అంతే. రెండున్నరకు నెల్లిమర్ల నుంచి ఒకామె జవాబు: 'నేనున్నాను చెల్లీ.' ఇలా రెండు నెలలు. పదిహేడో తారీకున మీ డబ్బా అందింది. ఆ తర్వాత రాత్రి పదికీ తెల్లారి ఆరింటికీ మధ్య ధనలక్ష్మి ఒక్క మాట రాయలేదు. నెల్లిమర్ల ఆమెకు పంతొమ్మిదిన అందింది. ఆమె కూడా అంతే. పద్నాలుగుమందివి చూశాను. డబ్బా అందిన రోజు నుంచి రాత్రుళ్లు ఖాళీ."

"అంటే మా సరుకు మంచిదనేగా?"

"అద్దెకు రాసేవాళ్లకు అన్ని రాత్రుళ్ల జాగారం ఉండదండీ. వీళ్లు నిజంగానే నిద్రపోయారు. పిల్లలూ నిజంగానే నిద్రపోయారు. నాకు భయం అదే."

"ఏటి సెప్తన్నారు మీరు?"

అంతవరకూ టీవీలో వార్తలు చదివినట్టు మాట్లాడిన మనిషి. మొదటిసారి సొంత ఊరి మాట బయటికి వచ్చింది.

"డబ్బులిచ్చి కొన్నవాళ్లవీ చదివాను. 'పరవాలేదు.' 'బాగానే తింటోంది.' నిద్ర మాట ఒక్కరూ ఎత్తలేదు. ఊరికే ఇచ్చిన డబ్బా మీద నక్షత్రం బొమ్మ ఉంటుందట. అలాంటిది ఒకటి ఇప్పించండి."

"అయిపోయాయి."

"వాటిని నింపిందెవరు?"

"నేనే. అయితే?"

"అమ్మే డబ్బాలు?"

"మిల్లులో నింపుతారు." ఆ మాట అన్నాక తను ఏమన్నదో ఆమెకు అర్థమైంది. లేచి ఫ్యాను ఆపేసింది. "ఇక మా లాయరుతో మాట్లాడండి."

కింద రోడ్డు మీద ఆటో ఎక్కాను. నాకు కావలసింది ఒక్క నక్షత్రం డబ్బా. ఉదయం బస్సులోనే ధనలక్ష్మి పేరుతో పన్నెండుమంది స్టార్ అమ్మలకు రాశాను. ముగ్గురు వెంటనే పాప ఎలా ఉందని అడిగారు. డబ్బా మాట ఎత్తగానే ముగ్గురూ మౌనం. చివరికి ఒకామె రాసింది: "ఊరికే ఇచ్చిన సంగతి బయట చెప్పొద్దని మేడం మాట తీసుకున్నారు అక్కా. కొన్నవాళ్లు గొడవ చేస్తారట." గ్రూపులో పేర్లే ఉంటాయి, ఇళ్ల అడ్రసులూ నంబర్లూ ఉండవు. అవి ఒక్క పృథ్వీరాజ్ దగ్గరే ఉన్నాయి.

పొందూరు చేరేసరికి ఒంటిగంటా ఐదు. ధనలక్ష్మి ఇంటి ముందు పోలీసు జీపు ఉంది. లోపల మంచం మీద పృథ్వీరాజ్ కూర్చున్నాడు. ముప్పై ఏళ్లవాడు, చురుకైనవాడు. రెండు రోజులుగా గడ్డం గీసుకోలేదు. దాలమ్మ గోడకు ఆనుకొని నేల మీద కూర్చుంది, పక్కన ఒక ఆడ కానిస్టేబుల్. రాట్నం మూలకు జరిపేశారు. పత్తి దువ్వే చేప దవడ, దూదిపింజలు రాట్నం మీదే ఉన్నాయి. నిన్న ఎక్కడ ఆపిన పని అక్కడే ఉంది.

"రండి డిటెక్టివ్ గారూ. రాజాంలో ఉగ్గు పెట్టారా?"

"ఫ్యాను వేశారు. తర్వాత ఆపేశారు."

అతను నవ్వాడు, కానీ కళ్లు నవ్వలేదు. "నాలుగింటికి ఈవిణ్ణి కోర్టులో పెడుతున్నాను. మీరు చూడాల్సింది ఉంటే ఇప్పుడే చూసుకోండి."

"దేని మీద?"

"పది నిద్రమాత్రల అట్ట. ఆరే మిగిలాయి."

"నాలుగూ నానే మింగినాను బాబూ," అంది దాలమ్మ. "రోజుకొకటి. డాట్రు సెప్పినట్టే."

"షెల్ఫులో ఉన్న ఉగ్గు డబ్బా నిన్ననే పరీక్షకు పంపాం. శుభ్రంగా ఉంది. ఉగ్గులో ఏమీ లేదు, పిల్ల ఒంట్లో ఉంది. మధ్యలో ఉన్నది ఈవిడ చెయ్యి. పాలు చాలక పిల్ల రాత్రంతా ఏడుస్తుంటే, కోడలికి నిద్ర లేకపోతే, జాలిపడి అర మాత్ర వేసి ఉంటుంది. చంపాలని కాదు. కానీ వేసింది."

తప్పు పట్టడానికి వీల్లేనంత సాఫీగా ఉంది. నాకు అతని మీద కోపం రాలేదు. నేనూ ఆ వయసులో ఇలాగే రాసేవాణ్ణి రిపోర్టులు.

"మీరు పరీక్షకు పంపింది కొన్న డబ్బా. ముందు ఊరికే వచ్చిన డబ్బా ఒకటి ఉండాలి, నక్షత్రం బొమ్మది."

అతను కిటికీ చూపించాడు. బొమ్మ ఉన్న డబ్బా కిటికీ చువ్వ పక్కన బోర్లించి ఉంది. తళతళ మెరుస్తోంది. "కడిగి పెట్టింది. ఇది సాక్ష్యం మాయం చేయడం కాదా?"

"కాళీ అయిపోనాది, కడిగినాను. కడక్కపోతే సీమలు పట్టవేటి?" అంది దాలమ్మ.

నేను ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను. మోకాళ్లు ఒప్పుకోలేదు గాని, పై నుంచి అడిగితే ఆ వయసు మనిషి సరిగా చెప్పదు.

"నిన్న ఒంటిగంటకు పెట్టింది ఏ డబ్బాలోదమ్మా?"

"ఆ సుక్క బొమ్మదే బాబూ. అడుగునున్నాదంతా గోకి పెట్టినాను. పిల్ల తిండి పారబోస్తామేటి?"

"అడుగున ఎలా ఉంది?"

ఆమె బొటనవేలు, చూపుడువేలు ఒకదానితో ఒకటి రాసి చూపించింది. నూలు సన్నమో ముతకో ఆ వేళ్లకు తెలిసినట్టు నా కళ్లకు తెలియదు. "పైన రవ్వలాగున్నాది. అడుగున మెత్తగ, తెల్లగ, పిండిలాగ. మెత్తనిది కిందకి దిగుతాది కదా అనుకున్నాను."

"విన్నారా?" అన్నాను పృథ్వీరాజ్‌తో. "రవ్వలో పొడి మాత్ర కలిపితే డబ్బా కదిలినప్పుడల్లా పొడి అడుక్కి దిగుతుంది. పై చెంచాల్లో కొంచెం, అందుకే ఇన్నాళ్లు హాయిగా నిద్ర. చివరి చెంచాల్లో మొత్తం."

"కథ బాగుంది. సరుకు ఏది? కడిగేసింది."

"నలభై మంది దగ్గర అదే డబ్బా ఉంది. ఆ నంబర్లు ఇవ్వండి."

"స్టేషను కాగితాలు బయటివాళ్లకు ఇవ్వం."

"అయితే మీరే ఫోను చేయండి."

"చేశాను కదా! మా పిల్లలు చక్కగా ఉన్నారు, ఉగ్గు అమృతం అన్నారు నలభై మందీ. మీరు నన్ను ఏం అడగమంటారు? అమృతం ఎందుకైంది అనా?"

అడగవలసింది సరిగ్గా అదే. కానీ అతని గొంతు అప్పటికే పెరిగింది. నేను దాలమ్మ వైపు తిరిగాను. "ఆ డబ్బాలోది ఎవరికైనా కొంచెం ఇచ్చావా అమ్మా? గుర్తు తెచ్చుకో."

"నేదు బాబూ. ఎవుళికీ ఇయ్యనేదు."

దారి మూసుకుపోయింది. ఒకటీ ఇరవై ఐదు.

అప్పుడే గుమ్మంలో పక్కింటి గ్లోరీ నిలబడింది. చేతిలో స్టీలు గిన్నె, కొంగు పట్టుకొని ఏడాది పిల్లాడు. పోలీసులను చూసి ఆగింది, కానీ వెనక్కి పోలేదు.

"పొద్దున్నించి ఏటీ తిన్నేదు మా పిన్ని. ఇంత సారు బువ్వ తెచ్చినాను. పెట్టనిస్తారేటి?"

పృథ్వీరాజ్ ఒక క్షణం చూసి తలూపాడు. ఆడ కానిస్టేబుల్ తనే లేచి కంచం తెచ్చింది. అన్నం కంచంలో పడింది. దాలమ్మ రెండు ముద్దలు తిని, ఖాళీ గిన్నె అందుకొని, పెరట్లో కడిగి, వంటింట్లోకి నడిచింది.

"ఎక్కడికి?" అన్నాడు ఎస్సై.

"బెల్లం ముక్క ఎయ్యడానికి బాబూ. ఉత్తి గిన్నె ఎలగ పంపుతాం?"

నేను ఆ గిన్నె వైపు చూశాను. "దాలమ్మా, గ్లోరీ వాళ్ల గిన్నె ఈ ఇంటికి ఇంతకుముందు ఎప్పుడొచ్చింది?"

"పది రోజులయినాది. ఈ గుంటడి పుట్టినరోజుకి పాయసం తెచ్చినాది."

"ఆ గిన్నెలో ఏం వేసి పంపావు?"

"ఇంట్లో బెల్లం నేదు. రెండు గుప్పెళ్లు ఉగ్గు ఏసినాను."

"ఎవరికీ ఇవ్వలేదన్నావు కదమ్మా!"

"ఇచ్చినట్టు కాదు కదా బాబూ అది," అంది దాలమ్మ ఆశ్చర్యంగా. "గిన్నె ఉత్తిది పంపకుండా ఏసినాను."

గ్లోరీ ముఖం పాలిపోయింది. పిల్లాణ్ణి ఎత్తుకుంది. "ఈడికి ఒక్క పూట పెట్టినాను మాస్టారూ. ఆదివారం సర్చికి ముందు. రెండు గంటల ఆరాధనలో కిక్కురుమన్నేదు. పాస్టరమ్మ గారు అందరికీ సూపించి మెచ్చుకున్నాది, పిల్లల్ని ఇలగ పెంచాల అని. ఇంటికొచ్చినాక గూడ కళ్లు మూతలడిపోతంటే బయమేసి మరి పెట్టనేదు."

"అది జరిగి రోజులు గడిచాయి. వాడు నా జేబులో పెన్ను లాగుతున్నాడు చూడు. వాడికేమీ కాదు," అన్నాను. "మిగిలింది ఉందా?"

"సీసాలో ఉన్నాది."

గ్లోరీ వంటింటి అరలో పాత గాజుసీసా. పక్కనే చీమలమందు, ఉప్పు, పసుపు. నేను కదపకుండా చూశాను. పృథ్వీరాజ్ నా భుజం మీదుగా వంగాడు. పైన మూడు వేళ్ల మందాన గోధుమరంగు రవ్వ. అడుగున, గోరు మందాన, తెల్లటి గీత.

అతను వేలు అడ్డం పెట్టి ఆ గీతను కొలిచాడు. తర్వాత, "ఈవిడ మాత్రలే పొడి చేసి ఉండొచ్చు," అన్నాడు. ఆ మాటలో ఇందాకటి బలం లేదు.

"ఉండొచ్చు. పరీక్షలో తేలుతుంది. మీ జీపులో వెళ్తే శ్రీకాకుళం ఆసుపత్రికి పావుగంట ముందే చేరతాం."

"నాలుగింటి వరకూ. అంతే."

సీసాకు గుడ్డ చుట్టి, ముడి మీద లక్క వేసి, గ్లోరీ చేత సంతకం పెట్టించాడు. దారంతా ఆ సీసాను నా ఒళ్లో నిటారుగా పట్టుకొని కూర్చున్నాను. గొయ్యి వచ్చిన ప్రతిచోటా డ్రైవరు, ఎవరూ చెప్పకుండానే, నెమ్మది చేశాడు.

రెండూ ఇరవైకి సీసా డాక్టరమ్మ చేతిలో పెట్టాం. ఆమె దాన్ని తనే ల్యాబుకు తీసుకెళ్లింది.

ధనలక్ష్మి పిల్లల వార్డు బయట బెంచీ మీద కూర్చుంది. ఫోను ఇచ్చేశాను. తీసుకుంది గాని చూడలేదు.

"నాను అబద్దం రాయనేదు మాస్టారూ."

"తెలుసమ్మా."

"రెండు నెల్లు కన్ను మూయనేదు. ఆ డబ్బా వచ్చిన రేతిరి ఆరు గంటలు తొంగున్నాను. లెగిసి ఏడ్సినాను, ఆనందంతోటి. అదే రాసినాను. నా మాట సూసి ఎంతమంది కొన్నారో."

"కొన్నవాళ్లకు ఏమీ కాదు. కొన్న డబ్బాలో ఏమీ లేదు."

ఆ మాటతో ఆమె మొదటిసారి గోడకు ఆనుకుంది. పృథ్వీరాజ్ క్యాంటీను నుంచి మూడు టీలు తెచ్చి, ఒకటి ఆమె పక్కన బెంచీ మీద పెట్టి, దూరంగా నిలబడ్డాడు.

మూడూ ముప్పై ఐదుకు డాక్టరమ్మ వచ్చింది, దాదాపు పరుగున.

"పెద్దావిడ మాత్ర కాదు. దానికీ దీనికీ సంబంధమే లేదు. దురదకు, అలర్జీకి పెద్దవాళ్లకు ఇచ్చే పాత మందు, మగత వచ్చే రకం. పసిపిల్లలకు ఇవ్వనే ఇవ్వకూడదు. పై రవ్వలో కొద్దిగా ఉంది, అడుగు పిండిలో దానికి పదింతలు." ధనలక్ష్మి భుజం మీద చెయ్యి వేసింది. "ఇప్పుడు ఏం చేయాలో నాకు తెలుసు. ఒక గంట ఇవ్వు నాకు." తలుపు తోసుకొని లోపలికి వెళ్లిపోయింది.

పృథ్వీరాజ్ పొందూరుకు ఫోను చేశాడు. "ఆవిణ్ణి కోర్టుకు తేవద్దు. జీపు పంపుతున్నాను, ఇక్కడికి తీసుకురండి, మనవరాలి దగ్గరికి. అన్నం తినేశాకే." ఫోను జేబులో పెట్టుకొని నా వైపు చూడకుండా అన్నాడు: "రాజాం వెళ్తున్నాను. ఆ దుర్గాభవానిని సాయంత్రానికల్లా లోపల వేస్తాను."

"మాస్టారూ," అంది ధనలక్ష్మి. ఫోను నా ముఖం ముందు పెట్టింది.

'అమ్మమాట'లో స్టార్ అమ్మల కోసం విడిగా ఉన్న చిన్న గ్రూపులో కొత్త ప్రకటన. మూడూ పన్నెండుకు పెట్టింది దుర్గాభవాని:

"ప్రియమైన స్టార్ అమ్మలూ! మీకే ప్రత్యేకం. ఈ రాత్రి ఎనిమిదిలోగా నక్షత్రం డబ్బా ఖాళీ చేసి, శుభ్రంగా కడిగి, బుజ్జాయితో ఫోటో తీసి పెట్టండి. మొదటి పదిమందికి వెండి ఉగ్గుగిన్నె!"

సాక్ష్యాన్ని తల్లుల చేతులతోనే కడిగిస్తోంది. వాళ్లు పారబోస్తారని ఆమె అనుకుని ఉంటుంది. మందు అడుక్కి దిగుతుందన్న ఆలోచన కూడా వచ్చి ఉండదు. కానీ ఈ జిల్లాల్లో ఏ తల్లి, ఏ అత్తగారు పిల్ల తిండి పారబోస్తారు?

కింద జవాబులు. ఒకరిని చూసి ఒకరు, ఇరవై మూడు నిమిషాల్లో పంతొమ్మిది.

"అడుగునే ఉంది మేడం, సాయంత్రం మొత్తం పెట్టేస్తా."

"రెండు పూటలది ఒకేసారి పెడితే పరవాలేదా అక్కా?"

"మేం పెట్టాం, ఏం కాదు చెల్లీ."

"అయితే నేనూ పెడుతున్నా."

పృథ్వీరాజ్ చదివి బెంచీ మీద కూలబడ్డాడు.

ధనలక్ష్మి అప్పటికే రాస్తోంది. చెరిపి మళ్లీ రాస్తోంది. "నేను పొందూరు ధనలక్ష్మిని. మీలో చాలామంది నా మాట చూసే నమ్మారు. ఇప్పుడూ నా మాటే నమ్మండి. డబ్బా అడుగున ఉన్నది పెట్టకండి. నా పిల్ల ఆసుపత్రిలో ఉంది." మూడూ నలభై ఒకటికి పంపింది. మూడూ నలభై రెండుకు ఆ మాట తెర మీంచి మాయమైంది. దాని చోట ఒక వరుస వచ్చింది: ఈ గ్రూపులో మీరు సభ్యులు కారు.

ఎంతమంది చూశారో తెలియదు. ఒక నిమిషం.

పృథ్వీరాజ్ చొక్కా జేబులోంచి మడత కాగితం తీశాడు. నలభై ఒక్క పేర్లు, నలభై ఒక్క నంబర్లు. మధ్యకు చింపి కింది సగం నాకిచ్చాడు. "మీరు కింద నుంచి. నేను పై నుంచి. డబ్బా ముట్టుకోవద్దనండి, పెట్టేసి ఉంటే దగ్గర్లో ఏ ఆసుపత్రికైనా సరే పరిగెత్తమనండి."

నేను మొదటి నంబరు నొక్కాను. మోగింది. మోగుతూనే ఉంది. ఆగిపోతుందనుకున్నప్పుడు ఎవరో తీశారు. సన్నటి ఆడగొంతు, చాలా రోజుల అలసట తీరిన మనిషి గొంతు, గుసగుసగా పలికింది.

"ఎవులండీ? మెల్లగ మాటాడండి. పాప ఇప్పుడే తొంగున్నాది."